బొంగరం సైన్యంలో చేరిన వైనం

ఆ పిల్లకు బొంగరం అని పేరు పెట్టింది కన్నతండ్రే. బజారు మలుపులో ఆయనకు కటింగ్ షాపు ఉండేది. రెండు తిరిగే కుర్చీలు, గోడ పొడవునా అద్దం, అద్దం కింద బల్ల మీద దువ్వెనలూ కత్తెరలూ, మూలన ఉతికి మడిచిన తువ్వాళ్ళ దొంతర. స్కూలు వదలగానే పిల్ల తిన్నగా అక్కడికే వచ్చేది. వచ్చి ఒక చోట కుదురుగా ఉంటేనా? గుమ్మం నుంచి అద్దం దాకా, అద్దం నుంచి కుళాయి దాకా, కుళాయి నుంచి మళ్ళీ గుమ్మం దాకా తిరుగుతూనే ఉండేది. గడ్డం గీయించుకునేవాళ్ళు తల కదపడానికి లేక, అద్దంలో ఆమె వెంట కళ్ళు మాత్రం తిప్పుకునేవారు.

"ఏమయ్యా, మీ అమ్మాయిని చూస్తుంటే నాకు తల తిరుగుతోంది. కాస్త కూర్చోమనవయ్యా," అన్నాడు ఒకరోజు రిటైరైన పోస్టుమాస్టరు.

"బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది సార్. ఆపితే పడిపోతుంది," అన్నాడు తండ్రి, చేతిలో పని ఆపకుండానే.

ఆ మాట వీధంతా పాకింది. అసలు పేరు స్కూలు హాజరుపట్టీకే మిగిలింది. అందులోనూ ఎక్కువకాలం మిగల్లేదు.

చదువు అబ్బక కాదు. టీచర్లు అడిగితే సమాధానం చెప్పేది. అయితే నిలబడి చెప్పేది, మళ్ళీ కూర్చోమంటేనే వచ్చేది చిక్కు. హైస్కూలు ఆఖరి ఏడాది, పెద్ద పరీక్షల్లో లెక్కల పేపరు రోజున, మొదట కొన్ని లెక్కలు బాగానే చేసింది. తరువాతది చదువుతుండగా కిటికీ బయట ఎవరో సైకిలు గంట మోగించుకుంటూ పోయారు. ఆ గంట వినబడినంతసేపూ విన్నది. వినబడకుండా పోయాక లేచి, పేపరు బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది. పరీక్ష చూసే ఆయన వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. ఊరు దాటి, వంతెన దాటి, ఇటుకల బట్టీల దాకా వెళ్ళి, ఆకలేసి తిరిగి వచ్చింది.

"మళ్ళీ రాద్దువుగానిలే," అన్నాడు తండ్రి.

"రాయను నాన్నా."

"ఎందుకు రాయవు?"

"కాళ్ళు లాగేస్తాయి. కూర్చుంటే లోపల ఎవరో తాడు కట్టి గుంజినట్టు ఉంటుంది. నీకు చెప్పినా తెలీదు."

నిజమే, ఆయనకు తెలీలేదు. పొద్దస్తమానం నిలబడి పని చేసే మనిషికి కూర్చోవడమంటే భోగం. ఆ భోగం కాళ్ళతో తన్నేసే పిల్ల తన కడుపున ఎలా పుట్టిందో ఆయనకు అంతుబట్టలేదు.

తరువాత ఆమె పట్టని పని లేదు. బేకరీలో రొట్టెలు చుట్టింది. సినిమా హాల్లో టిక్కెట్లు చింపింది. చెప్పుల కొట్టులో నిచ్చెన ఎక్కి దిగి పెట్టెలు అందించింది. అన్నిటికన్నా నచ్చింది సైకిలు మీద పార్సిళ్ళు చేరవేసే పని. ఆ పని చేసినన్నాళ్ళూ ఇంట్లో నవ్వుతూ అన్నం తిన్నది. ఆ కంపెనీ వాళ్ళు మోటారు బళ్ళు కొని, సైకిళ్ళవాళ్ళందర్నీ మానిపించేశారు. మళ్ళీ మొహం వేలాడేసుకుని షాపులో చక్కర్లు మొదలుపెట్టింది.

అప్పుడు తల్లి కల్పించుకుంది. ఆవిడ ఊరికి అవతల పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేసేది. నెమ్మదైన మనిషి, మాటలు పొదుపు. "నాతో పాటు రా. అక్కడ యంత్రాలూ తిరుగుతాయి, నువ్వూ తిరుగుదువుగాని," అంది.

ఆ లాండ్రీలో గోడ వారగా గుండ్రటి గాజు తలుపుల యంత్రాలు వరసగా ఉండేవి. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు, ఏవేవో కంపెనీల యూనిఫాములు గుట్టలు గుట్టలుగా వచ్చేవి. బొంగరానికి ఇచ్చిన పని జేబులు చూడటం. ఉతకడానికి వేసే ముందు ప్రతి జేబూ బయటికి తిప్పి దులపాలి. పెన్ను ఒక్కటి లోపల ఉండిపోయిందంటే గుట్ట మొత్తానికి సిరా అంటుతుంది. నిలబడి చేసే పనే, కానీ ఒకే బల్ల ముందు నిలబడాలి. నెల తిరక్కుండానే ఆమె కాళ్ళు మళ్ళీ పేచీకి దిగాయి.

ఒక వర్షాకాలం ఆ లాండ్రీకి సైన్యం బట్టల కాంట్రాక్టు వచ్చింది. మొదటిరోజు వచ్చిన మూటలు విప్పి జేబులు తిప్పుతుంటే బొంగరానికి వేళ్ళకు ఇసుక తగిలింది. ఎర్రటి ఇసుక. తమ ఊరి చుట్టుపక్కల ఎక్కడా లేని రంగు. ఇంకో ప్యాంటు జేబులోంచి సూదుల్లాంటి ఎండుటాకులు రాలాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటైన వాసన. ఒక చొక్కా జేబులో విరిగిన గవ్వ ఉంది. సముద్రం అక్కడికి రెండు రోజుల ప్రయాణం.

ఆమె ఆ ప్యాంటును రెండు చేతులా ఎత్తి పట్టుకుని చూసింది. "చూశావా అమ్మా, ఈ ప్యాంటు నాకన్నా ఎక్కువ ఊళ్ళు తిరిగింది," అంది.

"అందుకే మోకాళ్ళ దగ్గర అంత మురికి," అంది తల్లి. ఆవిడకది కడగాల్సిన మట్టి. కూతురు మాత్రం రోజంతా ఆ ఇసుకను గోళ్ళ కింద నుంచి తీసుకోలేదు.

ఆ వారంలోనే పని ఎగ్గొట్టి సైన్యం భర్తీ ఆఫీసుకు వెళ్ళింది. ఫోన్ల కొట్టుకూ కళ్ళజోళ్ళ కొట్టుకూ మధ్య ఇరుకైన గది అది. గోడ మీద మంచు కొండలూ ఓడలూ ఉన్న పోస్టర్లు. బల్ల వెనక ఒక సార్జెంటు, నడివయసు ఆడమనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని అదే కళ్ళజోడు కోసం బల్లంతా వెతుకుతోంది.

"నెత్తి మీద ఉంది మేడమ్," అంది బొంగరం.

సార్జెంటు కళ్ళజోడు దించుకుని ఆమెను పైనుంచి కిందికి చూసింది. "చదువు?"

"హైస్కూలు దాకా."

"దాకా అంటే? లోపలా, బయటా?"

"గుమ్మంలో."

సార్జెంటుకు నవ్వు వచ్చింది గానీ పెదాల దగ్గరే ఆపేసింది. "గుమ్మంలో ఉన్నవాళ్ళను తీసుకోం అమ్మాయ్. హైస్కూలు పాసవ్వాలి. లేదా స్కూలు మానేసినవాళ్ళకు బయట నుంచి రాసుకునే పరీక్ష ఒకటి ఉంది, అదైనా పాసవ్వాలి. అలా వచ్చినవాళ్ళకు మా దగ్గర సీట్లు తక్కువ. మా ప్రవేశ పరీక్షలో మిగతావాళ్ళ కన్నా ఎక్కువ మార్కులు రావాలి. అంత కష్టపడతావా?"

"పరుగు పందెం పెట్టండి మేడమ్, ఎవరితోనైనా సరే."

"పరుగు సంగతి నేను అడగలేదు. నువ్వు వచ్చినప్పటి నుంచి కుర్చీ చూపిస్తున్నాను, కూర్చోలేదు. సైన్యంలో పరిగెత్తేది తక్కువ, నిలబడి కాపు కాసేదీ కూర్చుని ఎదురుచూసేదీ ఎక్కువ. నా మాట నమ్ము. నా సర్వీసులో సగం ఎదురుచూపులే."

బొంగరం ఆ మాట నమ్మలేదు. అది మనుషుల్ని వడపోయడానికి చెప్పే మాట అనుకుంది.

షాపుకు వచ్చి తండ్రికి చెప్పేసరికి ఆయన పోస్టుమాస్టరు గడ్డం గీస్తున్నాడు. కత్తి ఉన్నచోటే ఆగిపోయింది.

"ఆలోచించుకోవాలంటే ఆలోచించుకో. ముందు నా గొంతు మీద నుంచి కత్తి తియ్యి," అన్నాడు పోస్టుమాస్టరు.

తండ్రి కత్తి తీసి తువ్వాలుకు తుడిచాడు. అందరూ అనుకున్నట్టు యుద్ధం గురించి గానీ తుపాకుల గురించి గానీ ఒక్క మాట అనలేదు. "బేకరీ మానేశావు, ఏమీ అనలేదు. సినిమా హాలు మానేశావు, ఏమీ అనలేదు. ఇది అలా కాదమ్మా. నచ్చలేదని మధ్యలో లేచి వచ్చేస్తే జైల్లో పెడతారు. నీ సంగతి నాకు తెలుసు. వాళ్ళకు తెలీదు," అన్నాడు.

అదొక్కటే ఆమె కూడా భయపడుతున్న విషయం. దాన్ని ఇంకొకరి నోట వినడంతో ఒళ్ళు మండి, తువ్వాళ్ళ బుట్ట తీసుకుని విసురుగా కుళాయి దగ్గరికి పోయింది.

ఆ రోజు భోజనాల దగ్గర తల్లి తేల్చేసింది. "పోనీండి. ఎక్కడో ఒకచోట అలిసిపోవాలిగా అది," అంది భర్తతో.

స్కూలు మానేసినవాళ్ళకు సాయంత్రం తరగతులు ఫైర్ స్టేషను మేడ మీద హాల్లో జరిగేవి. అక్కడ చేరినవాళ్ళలో లారీ క్లీనర్లు, ఇళ్ళల్లో పని చేసుకునేవాళ్ళు, మనవల్ని వెంటబెట్టుకొచ్చే ఒక పెద్దావిడ ఉండేవారు. లెక్కల టీచరు సన్నగా, ఎప్పుడూ జలుబుతో, చేతిరుమాలు వదలకుండా ఉండేది. పాఠం మధ్యలో కింద సైరన్ మోగితే బల్లలు అదిరేవి. అందరూ విసుక్కునేవారు. బొంగరం మాత్రం ఆ సైరన్ కోసమే ఎదురుచూసేది. మోగగానే కిటికీ దగ్గరికి పరిగెత్తి, ఎర్ర బండి మలుపు తిరిగేదాకా చూసి వచ్చేది.

రెండో వారంలో టీచరు ఆమెను ఆపింది. "నీకు కూర్చోవడం ఇబ్బందా?"

"అవును టీచర్. కావాలని కాదు."

"కూర్చోమని ఎవరన్నారు? వెనక కిటికీ గట్టు నీ బల్ల అనుకో. నిలబడి చెయ్యి. నాకు కావలసింది లెక్క, నువ్వు ఏ భంగిమలో చేస్తావో నాకెందుకు?"

అంత చిన్న విషయం అన్నేళ్ళ స్కూల్లో ఒక్కరికీ తట్టలేదు. కిటికీ గట్టు మీద కాగితాలు పెట్టుకుని, ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మార్చుకుంటూ, ఆమె లెక్కలు చేయడం మొదలుపెట్టింది. ఇంట్లో చరిత్ర పాఠాలు షాపులో తిరుగుతూ పైకి చదివేది. తువ్వాలు కప్పుకుని కూర్చున్నవాళ్ళందరూ విధిలేక విన్నారు. కొన్నాళ్ళకు వాళ్ళలో వాళ్ళు వాదించుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి ఒకాయన ఏదో రాజ్యం ముందు పడిందా, వెనక పడిందా అన్న దాని మీద పోస్టుమాస్టరుతో పంతం పట్టి, కటింగ్ అయిపోయినా కుర్చీ దిగనన్నాడు. తండ్రి ఏమీ విననట్టే ఉండేవాడు. కానీ ఆమె ఎక్కడన్నా తడబడితే, "పోయిన వారం అలా చదవలేదే," అనేవాడు వెనక నుంచి.

పరీక్షలు వచ్చాయి. ఆ హాల్లో కిటికీ గట్టు ఎవరిస్తారు? నిలబడి రాస్తానని అడిగింది. కుదరదన్నారు. మిగతా పేపర్లు ఎలాగో పళ్ళు బిగబట్టి, బల్ల కింద కాళ్ళు మెలేసుకుని రాసింది. లెక్కల పేపరు సగంలో ఉండగా ఆమె ముందు కూర్చున్న మనిషి లేచి పేపరు ఇచ్చి వెళ్ళిపోయాడు. తెరిచిన తలుపులోంచి ఎండ కనబడింది. బొంగరం ఆ ఎండ వంక చూడకూడదని చాలాసేపు ప్రయత్నించింది. తరువాత తనకు తెలిసేసరికి వీధిలో ఉంది.

ఈసారి వంతెన దాకా కూడా వెళ్ళలేదు. షాపుకు వచ్చి, గుమ్మంలో నిలబడి, "నువ్వన్నదే నిజం నాన్నా," అంది.

తండ్రి ఆమెను తిట్టలేదు, ఓదార్చలేదు. చేతిలో ఉన్న తల పూర్తిచేసి, ఆయన్ని పంపించేసి, తలుపు మీద బోర్డు తిప్పేశాడు. కుర్చీ దులిపి, "ఎక్కు," అన్నాడు.

"ఎందుకు?"

"సైన్యంలో జుట్టు పొట్టిగా ఉండాలటగా. ఎక్కు."

మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. ఆమెది నడుం దాకా జారే జుట్టు. ముందు చివర్లు ఒక వేలెడంత కత్తిరించాడు. తరువాత చెవి పక్కకు వచ్చి కత్తెర ఆడిస్తూ, "ఒక తొట్టిలో నీళ్ళు రెండు పంపులు పట్టి నింపుతున్నారు," అంటూ లెక్క మొదలుపెట్టాడు.

ఆమె విస్తుపోయి తల తిప్పబోయింది.

"కదలకు. చెవి తెగుతుంది," అన్నాడు.

ఆ లెక్క ఆయనకు ఎలా తెలుసు? ఆమె పైకి చదివిన లెక్కలన్నీ ఆయన బుర్రలో కూర్చున్నాయి. జవాబులు మాత్రం ఆయనకు తెలియవు. ఆమె జవాబు చెబితే బయట బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పోస్టుమాస్టరుకు కేకేసి కనుక్కునేవాడు.

అలా మొదలైంది. షాపు మూసే వేళకు ఆమె వచ్చి కుర్చీ ఎక్కేది. కత్తెర చెవి దగ్గర ఆడుతుంటే కదలడానికి ధైర్యం చాలదు. కాళ్ళు గుంజేవి. కుర్చీ కింద పాదం ఆడించబోతే, తండ్రి తన పాదంతో సుతారంగా తొక్కి పట్టేవాడు. మొదట్లో ఒక లెక్క అయ్యేసరికి ఆమె ఒళ్ళు చెమటలు పట్టేది. మనిషి కూర్చుంటే చెమట పట్టడం తాను ఎన్నడూ చూడలేదన్నాడు పోస్టుమాస్టరు. రానురాను లెక్కలు పెరిగాయి. జుట్టు మాత్రం తగ్గిపోతూ వచ్చింది. నడుం నుంచి భుజాల మీదికి, భుజాల నుంచి చెవుల మీదికి. చివరికి కత్తిరించడానికి ఏమీ మిగలక, తండ్రి ఊరికే గాలిలో కత్తెర ఆడిస్తూ లెక్కలు అడిగేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

లాండ్రీలో తోటివాళ్ళు ఆమెను చూసి, "జ్వరం గానీ వచ్చిందా?" అని అడిగారు. తల్లి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కూతురి తల నిమిరి, "దువ్వెన ఖర్చు కలిసొచ్చింది," అని మళ్ళీ పనిలో పడింది.

రెండోసారి లెక్కల పరీక్ష రోజున ఆమె చివరిదాకా కూర్చుంది. హాయిగా కూర్చుందని కాదు. అరచేతుల్లో గోళ్ళు గుచ్చుకుని, ఒక దశలో కళ్ళలో నీళ్ళు తిరిగి, అంకెలు అలుక్కుపోతుంటే కూర్చుంది. రాయడం పూర్తయ్యాక కూడా లేవలేదు. గంట కొట్టి, పేపర్లు తీసుకుపోయి, హాలు ఖాళీ అయ్యాక, తలుపులు మూసే మనిషి వచ్చి, "అమ్మాయ్, ఇంటికి వెళ్ళవా?" అంటే అప్పుడు లేచింది. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు. అంచు మీద గట్టెక్కింది. జలుబు టీచరు మాత్రం ఆ వార్త విని, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు ముక్కు చీదుకుంది.

సైన్యం ప్రవేశ పరీక్ష అంతకన్నా సులువుగా గడిచింది, సార్జెంటు చెప్పిన ఎక్కువ మార్కులూ వచ్చాయి. పరుగులో ఆమె వెనక వచ్చినవాళ్ళు గీత చేరేసరికి ఆమె మంచినీళ్ళు తాగి, ఎటు వెళ్ళాలో తెలియక గీత చుట్టూ తిరుగుతోంది. కళ్ళజోడు సార్జెంటు ఆమె పొట్టి జుట్టు చూసి, "ఇది మేం చేయాల్సిన పని కదా," అంది. తండ్రి చేశాడని తెలిసి, "మంచి చెయ్యి," అని మెచ్చుకుంది. ఆ మాట ఇంటికి వచ్చి చెబితే ఆయన నాలుగు రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

శిక్షణ శిబిరానికి వెళ్ళాక సార్జెంటు అబద్ధం చెప్పలేదని తెలిసొచ్చింది. అన్నానికి వరస, బూట్లకు వరస, సూదిమందుకు వరస. వరస కట్టడానికి ముందు ఇంకో వరస. పరుగులూ గోడలెక్కడాలూ ఉన్నాయి గానీ అవి ఇట్టే అయిపోయేవి. మిగతా పొద్దంతా నిలబడటమే. గేటు దగ్గర కాపలా డ్యూటీ ఆమెకు చావుతో సమానం. ఒకసారి అక్కడ నిలబడి ఉండగా, కంచె అవతల గడ్డిలో ఏదో కదిలింది. కుందేలో, అడవి పిల్లో. చూసి వద్దామని నాలుగడుగులు వేసింది. గేటు విడిచి వెళ్ళినందుకు శిక్షకుడు అందరి ముందూ చెడామడా తిట్టి, వంటశాలలో గిన్నెలు తోమే పని వేశాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పంపిస్తానన్నాడు.

గిన్నెలు తోముతూ ఆమె నిజంగానే పారిపోవడం గురించి ఆలోచించింది. వంటశాల వెనక గోడ పెద్ద ఎత్తు లేదు. గోడ అవతల రోడ్డు. రోడ్డు మీద బస్సులు. ఆ ఆలోచన ఒకటి రెండుసార్లు కాదు, గిన్నె గిన్నెకూ వచ్చింది. ప్రతిసారీ తండ్రి గొంతే వినబడింది. వాళ్ళకు తెలీదు, నాకు తెలుసు అన్న ఆ గొంతు. ఆ మాట అబద్ధం కావాలన్న పంతంతో గిన్నెలు అరిగిపోయేలా తోమింది. పంతం మంచి కారణమో కాదో గానీ, ఆమెను గోడ ఇవతలే ఉంచింది.

శిక్షణ ముగిసిన రోజున కవాతు చూడటానికి ఇంటివాళ్ళను రమ్మన్నారు. తండ్రి షాపు మూసి, తల్లి సెలవు పెట్టి, బస్సు మారి బస్సు మారి వచ్చారు. మైదానంలో వరసల మీద వరసలు. అందరూ ఒకే బట్టలు, ఒకే జుట్టు, ఒకే ఎత్తున నిలిపిన చుబుకాలు. అధికారి ఒకాయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఎండ ముదిరింది. తండ్రి వరసలన్నీ మళ్ళీ మళ్ళీ వెతికాడు. చివరికి పక్కనున్న మనిషితో, "మా అమ్మాయి ఇందులో లేనట్టుంది," అన్నాడు దిగాలుగా.

"ఎలా తెలుసు?"

"ఎవరూ కదలడం లేదు కదండీ."

తల్లి ఆయన చెయ్యి పట్టుకుని రెండో వరస చివర చూపించింది. కూతురు అక్కడే ఉంది. చెంప మీద ఈగ వాలి పాకుతోంది. రెప్ప కూడా ఆడించడం లేదు. తండ్రి ఆ ఈగనే చూస్తూ నిలబడ్డాడు. దాన్ని తోలడానికి తన చెయ్యే రెండు మూడుసార్లు పైకి లేచింది. కవాతు ముగిసి ఆమె వాళ్ళ దగ్గరికి వచ్చాక ఆయన మొదట అన్నది, "ఎందుకమ్మా అంత గట్టిగా నిలబడ్డావు," అని. అది మెచ్చుకోలో, బాధో ఆయనకే తెలియలేదు. ఆమె నవ్వింది. నవ్వుతూనే వాళ్ళిద్దరి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, సామాను తనే అందుకుంది.

తరువాత ఆమెకు సరఫరా దళంలో లారీ ఇచ్చారు. ఎక్కి స్టీరింగ్ పట్టుకున్న మొదటి రోజే అర్థమైంది, కూర్చుని కూడా కదులుతూ ఉండే పని ఇదేనని. పెద్ద లారీ, పై నుంచి చూస్తే రోడ్డంతా మన కిందే ఉన్నట్టు ఉంటుంది. పిండి బస్తాలు, నూనె డబ్బాలు, మంచాలు, మందులు, ఏది ఎక్కిస్తే అది తీసుకుని వరసలో పోవాలి. ఎర్ర ఇసుక ఉన్న చోటికీ వెళ్ళింది. దుమ్ము తప్ప అక్కడ చూడటానికేమీ లేదు. అయినా దిగి, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చింది.

ఒక ఏడాది వరదలు వచ్చాయి. మంచినీళ్ళ ట్యాంకులు ఎక్కించిన లారీల్ని ఒక నది కట్ట మీదుగా పంపారు. ముందు లారీ కింద కట్ట కుంగింది. ఎక్కడివాళ్ళు అక్కడే ఆగాలని, ఇంజన్లు ఆపాలని, ఎవరూ కాబిన్ దిగకూడదని ఉత్తర్వు వచ్చింది. ఒక్క లారీ కదిలినా, నలుగురు మనుషులు ఒకేచోట దిగినా కట్ట తెగే ప్రమాదం ఉంది. నీళ్ళకు అవతల ఒక ఇంటి కప్పు మీద కొందరు ఉన్నారు. అందులో ఒక ఆడమనిషి ఎర్రగుడ్డ ఊపుతోంది. ఈ లారీల్లో ఉన్నవి తాగేనీళ్ళని ఆమెకు కనబడుతూనే ఉంది.

బొంగరం పొద్దున్నుంచీ స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. కాళ్ళు గుంజాయి. జీవితంలో ఎన్నడూ గుంజనంతగా గుంజాయి. ఈసారి అది ఆమెకు జబ్బులా అనిపించలేదు, న్యాయంగానే అనిపించింది. ఈతకొట్టుకుంటూ ఒక డబ్బా అయినా అందించి రావచ్చు. దిగితే ఏమవుతుందో కూడా తెలుసు. ఎర్రగుడ్డ ఊపి ఊపి, మధ్యాహ్నానికి ఆగిపోయింది. సాయంత్రం పడవలు వచ్చి అందర్నీ దించాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఎర్రగుడ్డ మనిషి కూడా నడుచుకుంటూనే వచ్చి, బొంగరం లారీ దగ్గరే నీళ్ళు తాగింది. మళ్ళీ ఇంకో గ్లాసు అడిగింది.

స్టీరింగ్ మీద నుంచి చేతులు వెంటనే ఊడి రాలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకోవలసి వచ్చింది. దళం అధికారి వచ్చినప్పుడు, "సార్, మనం చేసింది సరైనదేనా?" అని అడిగింది.

"కట్ట తెగి ఉంటే, ఆ మాట అడగడానికి నువ్వు ఉండేదానివి కాదు. వాళ్ళూ ఉండేవాళ్ళు కాదు."

"అది నాకు తెలుసు సార్. అయినా అడుగుతున్నా."

ఆయన తరువాతి లారీ వైపు నడిచాడు. ఆ రోజు తరువాత చాన్నాళ్ళు ఆమెకు అన్నం సహించలేదు. కూర్చోవడం నేర్చుకున్నందుకు జీవితంలో మొదటిసారి తన మీద తనకే కోపం వచ్చింది. ఎవరైనా అడిగితే ఉత్తర్వు మంచిదేనని ఒప్పుకుంటుంది. ఒప్పుకుని, ఎదుటి మనిషి మాట ముగించకముందే లేచి బయటికి వెళ్ళిపోతుంది.

ఒప్పుకున్న కాలం ముగిశాక, ఇంకా ఉంటావా, వెళ్ళిపోతావా అని ఆఫీసులో అడిగారు. లాండ్రీలో అమ్మ పని మానుకుంటోంది, ఆ స్థానం కావాలంటే ఇస్తామని లాండ్రీవాళ్ళు కబురు పెట్టారు. ఊళ్ళో లారీ కంపెనీలూ ఉన్నాయి.

"ఉంటే ఎటు పంపుతారు సార్?" అని అడిగింది.

"ఉత్తరాన కొండల మీదికి. కొత్త దారి పడుతోంది. చలి ఎక్కువ. కుటుంబాలున్నవాళ్ళు ఎవరూ అడగరు."

ఆమె సంతకం పెట్టేసింది. పెట్టాక గుర్తొచ్చింది, ఇంట్లో అడగలేదని. కొండ ఎక్కాక, సిగ్నల్ అందే ఒక మలుపులో లారీ ఆపి ఇంటికి ఫోన్ చేసింది. తండ్రే ఎత్తాడు. మోచేతులు నొప్పెడుతున్నాయని, ఇంకొకర్ని పనిలో పెట్టుకున్నానని, వాడికి మీసం కత్తిరించడం ఎంత చెప్పినా రావడం లేదని చెప్పుకొచ్చాడు. తరువాత అడిగాడు.

"అక్కడ బాగానే ఉందా?"

"బాగుంది నాన్నా. రోడ్డు ఇంకా అవలేదు."

"మరి లారీ ఎలా నడుపుతావే?"

"మేం వెళ్ళేకొద్దీ ముందు వేసుకుంటూ పోతున్నారు. ఒక్కోరోజు నాలుగు మలుపులు, ఒక్కోరోజు ఒకటే. ఈ మలుపు అవతల ఏముందో ఇక్కడ ఎవరికీ తెలీదు."

"చలికి చెవులు కప్పుకో," అన్నాడు తండ్రి.

సరేనంది. అప్పటికే ముందు లారీ కదిలింది. ఆమె ఫోన్ జేబులో వేసుకుని, ఇంజను నడుస్తున్న తన లారీలోకి ఎగిరి ఎక్కింది.